బీటా రిపోర్టు వచ్చాక ఆ రెండు రోజులు

నెల తప్పి నాలుగు రోజులైంది. కిట్ మీద రెండో గీత లేతగా, ఉందో లేదో అన్నట్టు వచ్చింది. డాక్టరమ్మ బీటా హెచ్‌సీజీ పరీక్ష రాశారు. సాయంత్రానికి ఫోనుకి రిపోర్టు వచ్చింది: 38. దాని కిందే ల్యాబ్ వాళ్లు వేసిన వారాలవారీ పట్టిక. నాలుగో వారానికి 5 నుంచి 426 వరకు, ఐదో వారానికి 18 నుంచి 7,340 వరకు. అంత పెద్ద అంకెల మధ్య మీ 38 అట్టడుగున కనిపిస్తుంది. డాక్టరు రేపు పదింటికి గానీ దొరకరు. ఈ అధ్యాయం ఈ రాత్రి మీ చేతిలో ఉండాలని రాస్తున్నాను.

మొదటి రిపోర్టులో అంకె చిన్నగా ఉన్నంత మాత్రాన గర్భం నిలవదని కాదు, నిలుస్తుందనీ కాదు. ఆ సంగతి చెప్పగల శక్తి ఒక్క కాగితానికి లేదు. చెరువులో నీటిమట్టం ఒక్కసారి కొలిస్తే అది నిండుతోందో ఇంకుతోందో తెలియదు, రెండు రోజులాగి మళ్లీ కొలవాలి. 48 గంటల తర్వాత మళ్లీ రక్తం ఇమ్మని గైనకాలజిస్టు అడిగేది అందుకే. మీ దగ్గర ఏదో దాస్తున్నారనో, టెస్టుల ఖర్చు పెంచుతున్నారనో అనుకోకండి.

అంకె ఎందుకు చిన్నగా ఉంటుంది

పిండం గర్భాశయం గోడకి అంటుకున్నాకే హెచ్‌సీజీ రక్తంలోకి రావడం మొదలవుతుంది. తర్వాత మావిగా మారబోయే కణాలు దాన్ని తయారు చేస్తాయి. అండం విడుదలైన చోట అండాశయంలో కార్పస్ లూటియం అని ఒక చిన్న గ్రంథి ఏర్పడుతుంది. అది ప్రొజెస్టిరాన్ తయారు చేయడం ఆపేస్తే పీరియడ్ వచ్చేస్తుంది. అలా ఆపకుండా చూడటమే హెచ్‌సీజీ చేసే మొదటి పని. ఏడు, ఎనిమిది వారాలు దాటేసరికి మావి ఆ బాధ్యత తీసుకుంటుంది.

ఈ హార్మోనులో రెండు భాగాలుంటాయి. ఆల్ఫా భాగం థైరాయిడ్‌ని నడిపే టీఎస్‌హెచ్‌లోనూ, అండం విడుదల చేయించే ఎల్‌హెచ్‌లోనూ కూడా ఉండేదే. బీటా భాగం మాత్రం వేరు, అందుకే ల్యాబులు దాన్ని కొలుస్తాయి. 1972లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో జూడిత్ వైటుకైటిస్, ఆమె సహచరులు బీటా భాగాన్ని విడిగా పట్టుకునే పద్ధతిని ప్రచురించారు. నెల తప్పిన వారంలోనే రక్తంలో గర్భం తెలియడానికి దారి వేసింది ఆ పద్ధతే. మన అమ్మల తరంలో రెండో నెల కూడా తప్పితే గానీ నమ్మేవాళ్లు కాదు. పది రోజులు ఆలస్యంగా పీరియడ్ వస్తే, ఈసారి లేటయిందనుకుని ఊరుకునేవారు. అదే పది రోజుల్లో మన చేతికి ఒక రిపోర్టు వస్తోంది. ముందుగా తెలియడం వల్ల ఎంతో మేలు ఉంది. దానితోపాటు, ఒకప్పుడు ఎవరికీ కనిపించని భయాన్ని కూడా ఈ తరం ఆడవాళ్లు మోయాల్సి వస్తోంది.

ఇక 38 సంగతి. అండం విడుదలైన 6 నుంచి 12 రోజుల్లోపు పిండం అంటుకుంటుంది. అమెరికాలో అలెన్ విల్‌కాక్స్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో, నిలిచిన గర్భాల్లో 84 శాతం ఎనిమిది, తొమ్మిది, పది రోజుల్లో అంటుకున్నాయి. ఈ మొదటి రోజుల్లో హార్మోను సుమారు రెండు రోజులకోసారి రెట్టింపవుతుంది. కాబట్టి ఎనిమిదో రోజున అంటుకున్న ఒకామెకు ఈవేళ 150 ఉంటే, పన్నెండో రోజున అంటుకున్న మరొకామెకు 38 ఉండొచ్చు. ఇద్దరి చివరి పీరియడ్ ఒకే రోజున వచ్చి ఉండొచ్చు. ఆ తేడా నాలుగు రోజుల తేడా మాత్రమే, ఆరోగ్యంలో తేడా అని అనుకోనక్కర్లేదు.

ల్యాబ్ పట్టికలో వారాలు చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి లెక్క. 28 రోజుల నెలసరి ఉండి, పద్నాలుగో రోజు ప్రాంతంలో అండం విడుదలైన వాళ్లకే ఆ లెక్క సరిపోతుంది. పీసీఓఎస్ ఉన్నవాళ్లకి, బిడ్డకు పాలిస్తున్న వాళ్లకి, ఈమధ్యే గర్భనిరోధక మాత్రలు ఆపినవాళ్లకి అండం ఎప్పుడు విడుదలైందో తేదీని బట్టి తేలదు. మీ నెలసరి 35 రోజులైతే, పట్టిక మిమ్మల్ని ఐదో వారంలో చూపిస్తున్నా నిజానికి మీరు నాలుగో వారంలోనే ఉన్నారు. అప్పుడు 38 తక్కువ అంకే కాదు. అందుకే రిపోర్టు చూసి కంగారు పడేముందు మీ చివరి రెండు మూడు పీరియడ్ల తేదీలు వెతికి రాసుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

ఐవీఎఫ్, ఐయూఐ చేయించుకున్నవాళ్ల సంగతి కాస్త వేరు. వాళ్లకి తేదీలు గంటలతో సహా తెలుసు, తేదీ తప్పయి ఉంటుందని సర్దిచెప్పుకోవడానికి వీలుండదు. వాళ్లలో మొదటి బీటా తక్కువగా వస్తే నిలిచే అవకాశం కొంత తగ్గుతుంది. అయినా రెండో పరీక్ష చేయకుండా ఏ డాక్టరూ చివరి మాట చెప్పరు. వాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అండం విడుదలకు ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ చాలాసార్లు హెచ్‌సీజీయే. అది పది నుంచి పద్నాలుగు రోజుల దాకా రక్తంలో మిగిలి, లేని గర్భాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. డాక్టరు చెప్పిన తేదీ కంటే ముందు పరీక్ష చేయించుకోవద్దనేది అందుకే.

రెండో అంకె లెక్క ఎలా చూడాలి

బీటా 5 కంటే తక్కువైతే గర్భం లేదనీ, 25 దాటితే ఉందనీ సాధారణంగా అంటారు. 5కీ 25కీ మధ్య వస్తే ఏ మాటా చెప్పకుండా మళ్లీ చేయిస్తారు. ఇంట్లో వాడే చాలా కిట్లు కూడా 25 ప్రాంతంలోనే గీత చూపిస్తాయి. గీత ఎంత ముదురుగా ఉందో రోజూ పోల్చి చూడటం వల్ల లాభం లేదు. నీళ్లు ఎక్కువ తాగినా గీత లేతగా వస్తుంది.

రెండో పరీక్ష వచ్చాక లెక్క మీరే వేయొచ్చు. రెండో అంకెలోంచి మొదటిది తీసేయండి, వచ్చినదాన్ని మొదటి అంకెతో భాగించి వందతో గుణించండి. 38 నుంచి 71 అయితే పెరుగుదల 87 శాతం, చాలా బాగుంది. 120 నుంచి 165 అయితే సుమారు 38 శాతం, ఇది నిదానం. 310 నుంచి 190కి దిగితే తగ్గుతోందని అర్థం.

48 గంటల్లో తప్పకుండా రెట్టింపు కావాలన్న మాట చాలామంది నోట వింటాం. అది నిజం కాదు. ఆ పాత మాట వల్ల బాగా పెరుగుతున్న గర్భాలున్న ఆడవాళ్లు కూడా అనవసరంగా ఏడ్చారు. అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంఘం ఏకాగ్ 2018లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, మొదటి అంకె 1,500 లోపు ఉంటే రెండు రోజుల్లో కనీసం 49 శాతం పెరగాలి. 1,500 నుంచి 3,000 మధ్య ఉంటే 40 శాతం, 3,000 దాటితే 33 శాతం పెరిగినా చాలు. అంకె పెద్దదవుతున్న కొద్దీ వేగం తగ్గడం సహజం. ఈ కనీసం అనేది నూటికి తొంభైతొమ్మిది మంచి గర్భాలు దాటే గీత. అంటే నూటికి ఒకటి దాని కింద ఉండి కూడా నిలుస్తుంది. కాబట్టి నిదానంగా పెరిగితే అనుమానించాలి, మళ్లీ చూడాలి. అంతటితో తేల్చేయకూడదు.

ఇక్కడ చాలామంది పొరపడేది గంటల దగ్గర. సోమవారం ఉదయం తొమ్మిదికి, మంగళవారం రాత్రి తొమ్మిదికి రక్తం ఇస్తే మధ్యలో ఉన్నది 36 గంటలే. ఆ 49 శాతం లెక్కనే 36 గంటలకు కుదిస్తే 35 శాతం చాలు. ఆదివారం ల్యాబ్ మూసి ఉండి మూడు రోజుల తర్వాత ఇస్తే 82 శాతం ఉండాలి. రక్తం ఇచ్చిన సమయం రిపోర్టు మీద ఉంటుంది, ఆ గంటలు లెక్కపెట్టండి. రెండుసార్లూ ఒకే ల్యాబ్‌లో ఇవ్వండి. ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో యంత్రం ఉంటుంది, ఒకే రక్తానికి వాటిలో వేర్వేరు అంకెలు వస్తాయి. జుట్టు కోసమో గోళ్ల కోసమో బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకుంటుంటే ల్యాబ్ వాళ్లకి, డాక్టరుకి చెప్పండి. కొన్ని యంత్రాల్లో బయోటిన్ అంకెను తప్పు చూపిస్తుంది.

అంకె కొంత పెద్దదయ్యాక దాని పని తగ్గిపోతుంది, తర్వాతి మాట స్కాన్‌ది. చివరి పీరియడ్ నుంచి ఐదు వారాలకి లోపలి స్కాన్‌లో శాక్ (పిండం చుట్టూ ఉండే సంచి) కనిపించాలి, ఆరు నుంచి ఆరున్నర వారాలకి హార్ట్‌బీట్. బీటా 1,500 దాటి కూడా శాక్ కనపడకపోతే గర్భం లేనట్టేనని ఒకప్పుడు తీర్మానించేవారు. ఇప్పుడు ఆ హద్దును 3,500 దాకా పెంచి చూడమంటున్నారు, తొందరపడితే మంచి గర్భాన్నే పోగొట్టుకునే ప్రమాదముందని. హార్ట్‌బీట్ లేదని చెప్పడానికి కూడా పిండం కనీసం 7 మిల్లీమీటర్లు ఉండాలి, అంతకంటే చిన్నగా ఉంటే వారం పది రోజులాగి మళ్లీ చూడాలి. ఈ 7 మిల్లీమీటర్ల హద్దు 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మొదటి స్కాన్‌లోనే శుభ్రం చేయించుకోమని ఎవరైనా అంటే, పిండం కొలత ఎంత, శాక్ కొలత ఎంత అని అడిగే హక్కు మీకుంది. కోపం లేకుండా, గట్టిగా అడగండి. ఒకసారి హార్ట్‌బీట్ కనిపించాక మళ్లీ బీటా చేయించుకోనక్కర్లేదు. 8 నుంచి 11 వారాల మధ్య శిఖరానికి చేరి ఆ తర్వాత అది తనంతట తానే తగ్గుతుంది. ఆ తగ్గుదల చూసి మళ్లీ భయపడటం ఎందుకు?

అంకె కోసం ఆగకూడని వేళ

ఓపిక పట్టమని ఇంతసేపూ చెప్పాను. ఒక్క చోట మాత్రం ఓపిక ప్రాణం మీదికి తెస్తుంది. వంద గర్భాల్లో ఒకటి రెండు గర్భాశయంలో కాకుండా బయట, ఎక్కువగా ఫాలోపియన్ ట్యూబులో పెరుగుతాయి. ట్యూబులో గర్భం అంటే బీటా తక్కువగానే ఉంటుందనీ, నిదానంగానే పెరుగుతుందనీ అనుకుంటారు. చాలావరకు అంతే. కానీ అలాంటి ఐదింట సుమారు ఒకటి అచ్చం మంచి గర్భంలాగే పెరుగుతుంది. బీటా వందల్లో ఉన్నప్పుడు కూడా ట్యూబు పగిలిన సందర్భాలున్నాయి. అంకె బాగుందనో, ఇంకా చిన్నదే కదా అనో నొప్పిని తేలిగ్గా తీసుకోకండి.

పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, భుజం చివర నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, చల్లటి చెమటలు, గంటలోపు ప్యాడ్ తడిసేంత రక్తస్రావం. వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం చూడొద్దు, తెల్లారనీ అనుకోవద్దు. 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ థియేటర్, రక్తం ఎక్కించే సదుపాయం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. బీటా పాజిటివ్ అని అంబులెన్స్ వాళ్లకి మొదటి మాటగా చెప్పండి. తొందరగా పట్టుకుంటే చాలామందికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తోనే నయమవుతుంది, ట్యూబు దక్కుతుంది.

ఇంతకుముందు ట్యూబులో గర్భం వచ్చినవాళ్లు, కాపర్ టీ ఉండగా నెల తప్పినవాళ్లు, గర్భాశయ టీబీ గానీ ఇన్ఫెక్షన్ గానీ వచ్చి తగ్గినవాళ్లు నొప్పి లేకపోయినా తొందరగా స్కాన్ చేయించుకోవాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ ఆపరేషన్ ఎక్కువగా చేయించుకునే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంటుంది. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదు. కానీ వస్తే అది ట్యూబులో ఉండే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ అయింది కదా, నెల ఏదో అటూ ఇటూ అయిందిలే అనుకునే అక్కలు, వదినలు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది, ఆ రోజే చేసుకోమనండి.

అంకెను పెంచడానికి చేసేవి

బీటా తక్కువగా ఉందంటే ఇంజెక్షన్ వేయించుకోమని సలహా వస్తుంది. బయటి నుంచి హెచ్‌సీజీ ఇస్తే రక్తంలో అంకె పెరుగుతుంది, నిజమే. ఆ పెరిగింది ఇంజెక్షన్ వల్ల, పిండం వల్ల కాదు. దాంతో రెండో రిపోర్టును అర్థం చేసుకునే వీలు కూడా పోతుంది. ఆ ఇంజెక్షన్ దేనికని డాక్టరును అడగండి, ఇచ్చి ఉంటే తేదీ రాసుకోండి.

ప్రొజెస్టిరాన్ సంగతి కొంత వేరు. బ్రిటన్‌లో 4 వేలకు పైగా మహిళలతో జరిగి 2019లో వచ్చిన ప్రిజమ్ పరిశోధన, తొలి వారాల్లో రక్తస్రావమైన అందరికీ దాని వల్ల స్పష్టమైన లాభం చూపలేదు. ఇంతకుముందు గర్భం పోయి, ఈసారి రక్తం కనిపిస్తున్న వాళ్లలో మాత్రం మేలు కనిపించింది. కాబట్టి మీకు రాశారంటే కారణం ఉండొచ్చు, రాయలేదంటే నిర్లక్ష్యం కాదు. బెడ్ రెస్ట్ గర్భాన్ని నిలుపుతుందనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. రెండు రోజులు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటే మనసుకు జరిగే నష్టమే ఎక్కువ. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఉద్యోగానికి వెళ్లండి, వంట చేసుకోండి, నడవండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర మానకండి.

ఆ రెండు రోజులు ఇంట్లో

మూడో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నది మన ఇళ్లలో పాత మాట. దిష్టి తగులుతుందని చెప్పినా, ఆ మాటలో ఒక జాగ్రత్త ఉంది. కాకపోతే ఆ జాగ్రత్త వల్ల ఈ రెండు రోజుల బరువు మీ ఒక్కరి మీదే పడుతుంది. అందరికీ చెప్పనక్కర్లేదు. భర్తకు కాక ఇంకొకరికి చెప్పండి. కన్నీళ్లు పెట్టుకుంటే వారించకుండా పక్కన కూర్చోగలిగే మనిషిని ఎంచుకోండి. అక్క కావచ్చు, అమ్మ కావచ్చు, ఒక స్నేహితురాలు కావచ్చు.

ఇది చదువుతున్నది భర్త అయితే నాదొక విన్నపం. రెండో పరీక్షకి మీరు కూడా వెళ్లండి. రిపోర్టు మీ ఫోనుకి తెప్పించి, ఇద్దరూ ఒకచోట కూర్చున్నప్పుడే తెరవండి. ఆఫీసులో ఉండగా ఆమె ఒంటరిగా ఆ అంకె చూడకూడదు. డాక్టరుకి చెప్పాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టండి: పీరియడ్ తేదీలు, వేసుకుంటున్న మందులు, ఆమె బ్లడ్ గ్రూప్. నెగెటివ్ గ్రూప్ అయితే రక్తస్రావమైనప్పుడు యాంటీ డీ ఇంజెక్షన్ అవసరమా అని మీరే గుర్తుచేసి అడగండి.

ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: బొప్పాయి తిన్నావా, నువ్వుండలు తిన్నావా, బండి మీద వెళ్లావా, బిందె ఎత్తావా. అడిగేవాళ్లకి చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. విన్నవాళ్లకి మాత్రం అది నేరారోపణే. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగానికి కారణం క్రోమోజోముల లెక్క తప్పడం. అది చాలావరకు అండం, వీర్యకణం కలిసే వేళకే జరిగిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఆమె ఏం తిన్నదీ, ఎక్కడికి వెళ్లిందీ దాన్ని మార్చలేదు. అత్తగారు అడిగినప్పుడు ఈ మాట చెప్పాల్సింది కోడలు కాదు, కొడుకు.

అంకె తగ్గితే

కొందరికి రెండో అంకె దిగుతుంది. విల్‌కాక్స్ బృందమే 1988లో 221 మంది మహిళల మూత్రాన్ని రోజూ పరీక్షించి చూసింది. మొదలైన గర్భాల్లో 22 శాతం బయటికి తెలియకముందే ముగిశాయి. వైద్యులు దీన్ని కెమికల్ ప్రెగ్నెన్సీ అంటారు. ఇంత సాధారణంగా జరిగేదని తెలిస్తే కొంత ఊరట ఉంటుంది, కానీ బాధ పోదు. ఇంకా ఏమీ ఏర్పడనే లేదు కదా అని ఓదార్చేవాళ్లుంటారు. మీకు ఏర్పడింది: ఒక తేదీ, ఒక ఊహ, బహుశా ఒక పేరు కూడా. దానికోసం ఏడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అంకె తగ్గుతున్నా పరీక్షలు మధ్యలో ఆపొద్దు. 5 లోపు వచ్చేదాకా, సాధారణంగా వారానికోసారి, చూపించుకోవాలి. ట్యూబులో గర్భం కూడా కొన్నిసార్లు మొదట తగ్గుతూనే ఉంటుంది. తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగిపోయినా, మళ్లీ పెరిగినా అదే రోజు డాక్టరుకి చెప్పండి. మెథోట్రెక్సేట్ తీసుకున్నవాళ్లు మళ్లీ గర్భానికి ప్రయత్నించే ముందు కనీసం మూడు నెలలు ఆగాలి. మిగతావాళ్లకి, డాక్టరు వేరే కారణం చెప్పకపోతే, ఒంటికీ మనసుకీ సిద్ధం అనిపించినప్పుడు ప్రయత్నించొచ్చు. మళ్లీ నెల తప్పినప్పుడు ఈ రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లి, ఆరో వారం స్కాన్‌కి ముందే సమయం తీసుకోండి.